అడవిని ప్రేమించే ఓటరును చిన్న ప్రభుత్వం కోరే అభ్యర్థి వైపు తేవడం ఎలా? సిరోంచ, అహేరి వైపు ప్రచారం చేసేవారికి

ఒక స్వతంత్ర అభ్యర్థి తరఫున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో మొదటిసారి ఇంటింటికీ తిరిగినప్పుడు ఒక రిటైర్డ్ టీచరు గారి గడప ఎక్కాను. పెరడంతా చెట్లే. వేప, నేరేడు, ఉసిరి, చిన్న వెదురు పొద కూడా. నేను కూర్చోగానే, "సార్, మా అభ్యర్థి ప్రభుత్వ జోక్యం తగ్గాలంటున్నారు" అని మొదలుపెట్టాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, "అంటే ఉన్న అడవిని కూడా కంపెనీలకు రాసిస్తారన్నమాట" అన్నారు. తర్వాత నేనెంత చెప్పినా వినలేదు. నీళ్లు ఇచ్చి పంపించేశారు.

తప్పు ఆయనది కాదు. నేను మాట ఎత్తుకున్న చోటు తప్పు. తర్వాతి ఎన్నికల్లో అదే టీచరు గారు మా అభ్యర్థి కోసం తన వీధిలో తానే తిరిగారు. ఈ రెండు ఎన్నికల మధ్య నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే ఊళ్లలో ప్రచారం చేసేవారికి ఇది పనికొస్తుందని నా నమ్మకం.

మొదటి పని: ముందు మీ అభ్యర్థిని అడగండి

ఓటరు దగ్గరికి పోకముందే అభ్యర్థితో ఒక గంట కూర్చోండి. మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి.

ఊరి అడవిలో గని గానీ ప్రాజెక్టు గానీ వద్దని గ్రామ సభ అంటే మీరు ఆ మాటకు కట్టుబడతారా? ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం రైతు భూమిని బలవంతంగా సేకరించి ఇవ్వడాన్ని వ్యతిరేకిస్తారా? వాగులో మురికి వదిలినవాడు, అది ప్రభుత్వ సంస్థ అయినా సరే, నష్టపరిహారం కట్టాలంటారా?

మూడింటికీ "అవును" అని తడుముకోకుండా చెప్పినవాడే నిజంగా చిన్న ప్రభుత్వం కోరేవాడు. పేదవాడి మీద పెత్తనం చేసే ప్రభుత్వం తగ్గాలి గానీ కంపెనీకి భూమి తెచ్చిపెట్టే ప్రభుత్వం ఉండాలి అనేవాడు ఈ కోవకు రాడు. అలాంటివాడి కోసం అడవి మనుషుల ఓటు అడగకండి. ఒక్కసారి మోసపోతే ఆ ఊళ్లో మీ మాట పదేళ్లు చెల్లదు.

ఈ ఆలోచన ఎక్కడో విదేశంలో పుట్టి వచ్చిందని అభ్యర్థి అనుకుంటుంటే మన చరిత్ర గుర్తుచేయండి. 1959లో స్వతంత్ర పార్టీ పుట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు మన తెలుగు రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా. మహారాష్ట్రలో శరద్ జోషి 1979లో షేత్కరీ సంఘటన పెట్టి, 1994లో స్వతంత్ర భారత్ పక్ష్ స్థాపించారు. రైతు మెడ మీద నుంచి సర్కారు చెయ్యి తీయాలని విదర్భ పల్లెల్లో ఏళ్ల తరబడి చెప్పినవాడాయన. ఇక్కడి పెద్దవాళ్లకు ఆ పేరు ఇంకా గుర్తుంది.

రెండో పని: ఎవరితో మాట్లాడుతున్నారో తెలుసుకోండి

"పర్యావరణ ఓటరు" అని ఒకే మూస ఏమీ లేదు. మన వైపు కనీసం మూడు రకాలు కనిపిస్తారు.

అడవి మీద బతికేవాళ్లు మొదటివారు. ఇప్ప పువ్వు, తునికాకు, వెదురు వీళ్ల బతుకు. "పర్యావరణం" అన్న మాట వీళ్ల నోట రాదు. కానీ ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ వాగు ఏ నెలలో ఎండుతుందో వీళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వీళ్లతో మాట్లాడితే సగం సేపు మీరే వినాలి.

రెండోవారు ప్రాణహిత, గోదావరి ఒడ్డు రైతులు, చేపలు పట్టేవాళ్లు. వీళ్ల బాధ మేడిగడ్డ, అంటే గోదావరి మీద తెలంగాణ కట్టిన కాళేశ్వరం ప్రాజెక్టు బ్యారేజీ. దాని గురించి కింద చెబుతాను.

మూడోవారు టీచర్లు, కాలేజీ పిల్లలు, ఫారెస్టు చూడటానికి బైకు మీద తిరిగే కుర్రాళ్లు. వడధం దగ్గర దొరికిన శిలాజాల గురించి, కొలామార్క అడవి దున్నల గురించి వీళ్లు గర్వంగా చెబుతారు. కమలాపూర్ ఏనుగులను గుజరాత్‌కు తరలిస్తారన్న మాట వచ్చినప్పుడు ఇక్కడి జనం ఎలా అడ్డం తిరిగారో వీళ్లకు బాగా తెలుసు. ఎక్కడో కూర్చున్నవాళ్లు మన ఏనుగుల గురించి మనల్ని అడక్కుండా ఆలోచన చేశారన్నదే ఆ కోపం. మీ అభ్యర్థి మాట అక్కడే వాళ్ల మాటతో కలుస్తుంది.

మూడో పని: మొదటి వాక్యం సరిగ్గా పట్టుకోండి

"ప్రభుత్వం తగ్గాలి" అనే మాటతో మొదలుపెట్టకండి. రెండు కారణాలున్నాయి.

ఒకటి, ఆ మాట వినగానే అడవిని ప్రేమించేవాడికి "కాపలా తీసేస్తారు" అని వినపడుతుంది. రెండోది మన జిల్లాకే ప్రత్యేకం. గడ్చిరోలిలో "ప్రభుత్వం వద్దు" అని ఎవరైనా అంటే అది మావోయిస్టుల మాట అన్న అర్థం తీస్తారు. తుపాకుల మధ్య దశాబ్దాలు నలిగిన జనం వీళ్లు. కాబట్టి మొదటి నిమిషంలోనే తేటగా చెప్పండి: మేం రాజ్యాంగం, ఓటు, కోర్టు నమ్ముతాం. మేం అడిగేది ఆదివాసీ ప్రాంతాల గ్రామ సభలకు అధికారాలిచ్చే పెసా చట్టంలో, అటవీ హక్కుల చట్టంలో రాసి ఉన్న హక్కే. ఈ మాట చెప్పాక ఎదుటి మనిషి భుజాలు కాస్త దిగడం మీకే కనిపిస్తుంది.

మొదలు ఇలా పెట్టండి: "అక్కా, మన ఊరి అడవి గురించి ఆఖరి సంతకం ఎవరిది?"

అడిగి ఆగండి. జవాబు వాళ్లే చెప్తారు. ముంబై అంటారు, నాగపూర్ అంటారు, కొందరు డీఎఫ్ఓ, అంటే అటవీ శాఖ అధికారి అంటారు. అప్పుడు రెండో ప్రశ్న: "ఆ సంతకం తప్పయితే నష్టం ఎవరికి?" జిల్లా కేంద్రానికి పోవాలంటేనే సిరోంచ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. ముంబై ఇంకెంత దూరమో వాళ్లకు మీరు చెప్పక్కర్లేదు. సంతకం చేసేవాడు ఒకచోట, నష్టపోయేవాడు ఇంకోచోట ఉన్నంతకాలం అడవి బాగుపడదు. మీ అభ్యర్థి చెప్పే సారం ఇదే. దీన్ని ప్రశ్నలతో వాళ్లనే చెప్పనివ్వండి.

నాలుగో పని: దగ్గరి ఊళ్ల కథ చెప్పండి

సిద్ధాంతం చెబితే ఎవరికీ తలకెక్కదు. మన జిల్లాలోనే కథలున్నాయి. నేను ఎప్పుడూ మెండా లేఖాతో మొదలుపెడతాను.

ధనోరా తాలూకాలోని చిన్న గోండు ఊరు అది. "ఢిల్లీ ముంబైలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు" అన్నది వాళ్ల నినాదం. 2009లో ఆ ఊరికి 1,800 హెక్టార్లకు పైగా అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. అయినా వెదురు అమ్ముకోవాలంటే రవాణా పాసు అటవీ శాఖ చేతిలోనే ఉండేది. హక్కు కాగితం ఊరిది, తాళం వేరేవాళ్ల చేతిలో! ఊరి వాళ్లు పట్టు వదల్లేదు. చివరికి 2011 ఏప్రిల్ 27న కేంద్ర మంత్రి జైరాం రమేశ్, ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్ ఆ ఊరికే వచ్చి పాసుల పుస్తకం గ్రామ సభ చేతిలో పెట్టారు. అధికారం కిందికి దిగింది. అడవి అమ్ముడుపోలేదు, ఊరే దాన్ని కాపాడుకుంటోంది.

దీని కంటే గట్టి కథ పాచ్‌గావ్‌ది. చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రి తాలూకాలో ఉంది. 2012లో వెయ్యి హెక్టార్ల పైచిలుకు అడవి మీద హక్కు దక్కింది. చేతికి అడవి వచ్చాక ఆ ఊరు ఏం చేసిందో వినండి. తునికాకు కోయడం ఆపేసింది. చిగుళ్ల కోసం కొమ్మలు నరకాలి, నిప్పు పెట్టాలి, దానితో అడవి పాడవుతోంది కాబట్టి మాకొద్దు అని వాళ్లే తీర్మానించుకున్నారు. వెదురు మీద బతుకుతామన్నారు. కొంత అడవిని అసలు ముట్టుకోకుండా దేవుడి పేరు మీద వదిలేశారు. ఏ ఆఫీసరూ ఆర్డరు వేయలేదు. చేతికందే డబ్బును అడవి కోసం పేదవాళ్లే వదులుకున్నారు. నాకు ఈ కథ చెప్పేటప్పుడు ప్రతిసారీ గొంతు పట్టుకుంటుంది. "జనం చేతిలో పెడితే అడవి మిగలదు" అన్నవాళ్లకు ఇంతకంటే జవాబు నాకు తెలియదు. ఆ టీచరు గారిని కదిలించింది కూడా ఇదే.

వెదురు గురించి ఇంకొక్క మాట. 1927 నాటి అటవీ చట్టం వెదురును చెట్టు అంది. అందుకని తన సొంత గట్టు మీద పెంచిన వెదురు నరికి బయటికి తీసుకుపోవాలన్నా పర్మిట్ల బెడద. చట్టం మార్చి అడవి బయటి వెదురును ఆ లెక్కలోంచి తీసింది 2017లో. 90 ఏళ్లు! పెంచినవాడికి నరికే హక్కు లేకపోతే పెంచేదెవరు? అడవికి మేలు చేయాలని పెట్టిన రూలే వెదురు పెంచకుండా చేసింది. రైతులకు ఈ ఉదాహరణ వెంటనే అర్థమవుతుంది.

నదీ తీరానికి వెళితే మేడిగడ్డ సంగతి. 2016 ఆగస్టులో తెలంగాణ, మహారాష్ట్రల మధ్య ఒప్పందం కుదిరింది, 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రాజెక్టు ప్రారంభమైంది, 2023 అక్టోబర్ 21న బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ప్రాజెక్టు ఖర్చు 1.47 లక్షల కోట్ల రూపాయలు దాటవచ్చని ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ లెక్క చెప్పింది. వెనక్కి తన్నిన నీళ్లకు మా పొలాలు మునుగుతున్నాయని ఇవతలి ఒడ్డు రైతులు దీక్షలు చేశారు. ఇక్కడ మీరు ఒక్క పార్టీ పేరు కూడా ఎత్తకండి. ఏ పార్టీ అయినా అంత పెద్ద అధికారం, అంత పెద్ద డబ్బు ఒకచోట పోగేస్తే ఒడ్డున ఉన్నవాడి మాట వినపడదు అని మాత్రం చెప్పండి. అవతలి ఒడ్డు రైతుకు నీళ్లు కావాలన్నది కూడా నిజమే. ఇరువైపులా మనకు చుట్టాలున్నారు. వాళ్లను తిట్టించే మాట ఏదీ మీ నోట రాకూడదు.

ఐదో పని: కష్టమైన ప్రశ్నలకు దాటవేయకుండా జవాబు చెప్పండి

"సర్కారు పక్కకు తప్పుకుంటే కంపెనీలు అడవిని మింగవా?" ఇది తప్పకుండా వస్తుంది. ఎదురు ప్రశ్న వేయండి: గని లీజు ఇచ్చేదెవరు? రాష్ట్ర ప్రభుత్వమే. ఒడిశాలో నియమగిరి కొండ సంగతి చెప్పండి. బాక్సైట్ గని కావాలని సుప్రీంకోర్టుకు వెళ్లింది ఒడిశా మైనింగ్ కార్పొరేషన్, అంటే ప్రభుత్వ సంస్థే. 2013 ఏప్రిల్ 18న కోర్టు ఆ నిర్ణయం గ్రామ సభలకు వదిలింది. రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామ సభలూ వద్దన్నాయి. 12కు 12! కొండ నిలిచింది.

ఇక్కడ నిజాయితీ కావాలి. 2010లో ఆ గనికి అటవీ అనుమతి నిరాకరించింది కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ. గ్రామ సభకు ఆ బలం ఇచ్చింది 2006 నాటి అటవీ హక్కుల చట్టం, నిలబెట్టింది కోర్టు. చదువుకున్న ఓటరుకు ఇవన్నీ తెలుసు. "అందుకే మా అభ్యర్థి చట్టం, కోర్టు గట్టిగా ఉండాలంటారు. తగ్గాలనేది ఆఫీసుల పెత్తనం" అని చెప్పండి. దాచిపెడితే మాత్రం ఆ మనిషి మీకు దూరమవుతాడు.

"కాలుష్యం సంగతేంటి? గాలికి గ్రామ సభ సరిహద్దు ఉందా?" లేదు. ఒప్పుకోండి. ప్రాణహిత నీళ్లు ఒక ఊరి సొత్తు కాదు. ఇలాంటి చోట నియమం ఉండాల్సిందే, పరిహారం ఇప్పించే ట్రిబ్యునల్ ఉండాల్సిందే. కానీ చంద్రపూర్ చూడమనండి. అక్కడి 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం రాష్ట్ర ప్రభుత్వ సంస్థది. చుట్టూ ఉన్న బొగ్గు గనుల్లో ఎక్కువ కేంద్ర ప్రభుత్వ సంస్థవి. 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చంద్రపూర్‌ను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. పొగ వదిలేదీ సర్కారే, పొగను కొలిచేదీ సర్కారే అయితే న్యాయం ఎలా జరుగుతుంది? ఆట ఆడేవాడు, అంపైరు ఒకరే కాకూడదు అన్నది మీ అభ్యర్థి వాదన.

"గ్రామ సభలే తునికాకు అమ్మితే కాంట్రాక్టరు డబ్బు ఎగ్గొడితే?" మంచి ప్రశ్న. ఇక్కడ తేలిగ్గా మాట్లాడకండి. 1969 చట్టంతో తునికాకు వ్యాపారం సర్కారు చేతిలోకి పోయింది. పెసా చట్టం, 2014 నాటి రాష్ట్ర నియమాలు వచ్చాక మన జిల్లాలో ఎన్నో గ్రామ సభలు సొంతంగా అమ్ముతున్నాయి. రేటు పడిన ఏడాది, కాంట్రాక్టరు మాట తప్పిన ఏడాది కూలి మనిషి అల్లాడిపోతాడు. ఒప్పందం తప్పినవాడి నుంచి డబ్బు వెంటనే రాబట్టడం ప్రభుత్వం తప్పనిసరిగా చేయాల్సిన పని. తక్కువ పనులు నెత్తిన పెట్టుకుంటేనే అలాంటి పని సరిగ్గా చేయగలదు. అభ్యర్థి ఈ మాటను తన హామీ పత్రంలో చేర్చేలా చూడండి.

యూరియా సబ్సిడీ, ఉచిత కరెంటు నేలను, బోరు నీళ్లను ఎలా పాడు చేస్తున్నాయో చెప్పాలని మీకు అనిపిస్తుంది. వాదన సరైనదే. కానీ ప్రచారంలో దానితో మొదలుపెట్టకండి. పంట మీద అప్పున్న రైతుకు అది బెదిరింపులా వినిపిస్తుంది. అడిగితే మాత్రం దాచకుండా చెప్పండి.

ఆరో పని: భాష, వేళ, కాగితం

మన ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. చాలామంది కుర్రాళ్లకు తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. కాబట్టి కరపత్రం మరాఠీలో వేయండి, మాట తెలుగులో చెప్పండి. మాడియా, గోండు ఊళ్లకు ఆ భాష వచ్చినవాళ్లతోనే వెళ్లండి. వాట్సాప్‌లో రాసిన మెసేజ్ కంటే ఒక నిమిషం తెలుగు వాయిస్ ఎక్కువ పని చేస్తుంది.

ఇప్ప పువ్వు రాలే రోజుల్లో, తునికాకు సీజన్‌లో తెల్లవారుజామున ఇళ్లలో ఎవరూ ఉండరు. సాయంత్రం కల్లం దగ్గర కలవండి. కట్టలు లెక్క పెడుతున్నప్పుడు పలకరించకండి, లెక్క తప్పితే వాళ్ల కూలి పోతుంది. అంగడి రోజు మధ్యాహ్నం దాటాక మాట్లాడితే తీరిగ్గా వింటారు.

చెట్టుకు మేకు కొట్టి బోర్డు కట్టకండి. ఒక్క మేకు చాలు, ఊరంతా మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి. ఫ్లెక్సీ బదులు గుడ్డ బ్యానరు వాడండి. మొక్కలు పంచుదామని చాలామందికి అనిపిస్తుంది, నాకూ అనిపించింది. వద్దు. ఓటరుకు వస్తువు ఇస్తే అది ప్రలోభం కిందికి వస్తుంది. కరపత్రం మీద అచ్చువేసినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామా తప్పకుండా ఉండాలి. పోలింగ్ ముగియడానికి 48 గంటల ముందు ప్రచారం ఆపేయాలి. కులం పేరు మీద ఓటు అడగకండి, చట్టం ఒప్పుకోదు. అడవికీ కులం లేదు.

ఏడో పని: పోలింగ్ రోజు, ఆ తర్వాత

2024 లోక్‌సభ ఎన్నికల్లో అహేరి సెగ్మెంటులో పోలింగ్ మధ్యాహ్నం 3 గంటలకే ముగిసింది. సాయంత్రం దాకా టైముందని అనుకుని ఓటు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. మీ ఎన్నికకు సమయం ఎంతో ముందే కనుక్కుని ప్రతి ఇంటికీ చెప్పండి. "పొద్దున్నే వెళ్లి, తర్వాత పొలానికి పోండి తాతా" అంటే చాలు.

ఫలితాలు వచ్చిన వారంలోపు మళ్లీ అవే ఇళ్లకు వెళ్లండి. ఓడినా వెళ్లండి. చేతిలో అభ్యర్థి సంతకం చేసిన ఆ మూడు జవాబుల కాగితం, పక్కన ఫారం సి ఖాళీ ప్రతులు ఉండాలి. సామూహిక అటవీ వనరుల హక్కు కోసం గ్రామ సభ నింపాల్సిన దరఖాస్తు అది. ఎమ్మెల్యే ఎవరైనా ఊరు దాన్ని నింపవచ్చు. నేను రెండోసారి టీచరు గారి ఇంటికి వెళ్లింది ఓడిపోయిన వారంలోనే. ఆయన ఫారం తీసుకుని కళ్లజోడు పెట్టుకున్నారు. "ఊరి హద్దులు ఎక్కడి నుంచి మొదలుపెడదాం?" అని అడిగారు. ఇద్దరం అరుగు మీద కూర్చుని పెద్ద వాగు నుంచి రాయడం మొదలుపెట్టాం.